మెట్టనాట వరిపిండి

జొన్నరొట్టె తట్టిన చేతికి వరిపిండి రొట్టె కొత్తగా నేర్పక్కర్లేదు. రెండు పిండ్ల తత్వమూ ఒకటే. చన్నీళ్లతో కలిపితే ముద్ద కూడదు. కర్రతో ఒత్తితే అంచులు పగులుతాయి. పెనం మీదికి ఎత్తబోతే చేతిలోనే ముక్కలవుతాయి. మసిలే నీళ్లు పోసి కలిపితే మాత్రం అరచేతికి లొంగుతాయి. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల పల్లెల్లో ఓ వయసు దాటిన ఏ ఇల్లాలికీ ఈ సంగతి చెప్పాల్సిన పనిలేదు. వాళ్ల మనవరాళ్లకు, మనవళ్లకు మాత్రం చెప్పాల్సి వస్తోంది.

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి ఈ రెండు ఊళ్లనూ తాకుతూ పోతుంది. దారి పొడవునా హోటళ్లే. పరోటా ఉంటుంది, చపాతీ ఉంటుంది, పుల్కా ఉంటుంది, మైదా నూడుల్స్ బండ్లకు సాయంత్రమైతే జనం గుమిగూడతారు. వరిపిండి రొట్టె కావాలంటే మాత్రం ఎవరింటికో చుట్టంగా వెళ్లాల్సిందే. చుట్టూ వరి పండే ఊళ్లలో పిండితో చేసే తిండి అనగానే గోధుమే గుర్తుకు రావడం నాకు బాధగా ఉంటుంది. ఈ నేలకు తనదైన రొట్టె ఉంది. తనదైన నూడుల్ కూడా ఉంది. రెండూ వరిపిండివే. రెండింటినీ పండగపూట బయటికి తీసి, మళ్లీ అటక మీద పెట్టేస్తున్నాం.

నీళ్లు రాకముందు

కృష్ణా జిల్లా అనగానే బయటివాళ్లకు పచ్చటి డెల్టా గుర్తొస్తుంది. ఆ పచ్చదనం అందరిదీ కాదు. బెజవాడ దగ్గర కృష్ణ మీద కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో కట్టిన ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. గుడివాడ వైపు ఊళ్లు అప్పటి నుంచే వరి పండించాయి, వరి తిన్నాయి. ఆనకట్టకు ఎగువన ఉన్న నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు వైపు భూములు మెట్టగానే మిగిలాయి. ముక్త్యాల, వేదాద్రి ఊళ్ల పక్కనే కృష్ణ పారుతుంది. ఇటు మున్నేరు, వైరా, కట్టలేరు ఉన్నాయి. అయినా నది పల్లంలో, చేను మెరకలో. జొన్న, సజ్జ, కంది, పెసర, మిరప, పత్తి ఇక్కడి పంటలు. చెరువు కింద ఉన్న నాలుగు చెక్కల్లోనే వరి.

కృష్ణకు ఆవలి గట్టు పల్నాడు. అక్కడి సజ్జ, జొన్న కూటి గురించి శ్రీనాథుడు విసుక్కుంటూ చెప్పినట్టు ప్రచారంలో ఉన్న చాటువు తెలుగువాళ్లందరికీ తెలుసు. ఈ గట్టు మీదికి వచ్చి ఉన్నా ఆయన కంచంలో పెద్ద మార్పేమీ ఉండేది కాదు. వరన్నం పండక్కి, చుట్టాలకి, బాలింతకి, జబ్బు పడ్డవాళ్లకి. రోజూ వండేది జొన్నన్నం, కాల్చేది జొన్నరొట్టె. వరిపిండి అంటే ఆ రోజుల్లో విలాసమే. బియ్యమే అపురూపమైన చోట బియ్యాన్ని పిండి కొట్టించడం అంటే మాటలా? అందుకే ఈ ప్రాంతంలో వరిపిండి వంటలన్నీ పండగలతో ముడిపడ్డాయి. సంక్రాంతికి అరిసెలు, చక్రాలు, చెక్కలు. వినాయక చవితికి ఉండ్రాళ్లు, కుడుములు, పాలతాలికలు. అట్లతద్దికి అట్లు.

నందికొండ దగ్గర ఆనకట్ట కడితే ఈ మెట్ట తడుస్తుందని పట్టుబట్టినవాళ్లలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ ముందువరసలో ఉన్నారు. జగ్గయ్యపేటను తండ్రి జగ్గయ్య పేరున కట్టించిన రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కూడా ఆ వాసిరెడ్డి వంశం వారే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆ నందికొండ దగ్గరే నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ పల్నాడుకు, లాల్ బహదూర్ పేరున్న ఎడమకాలువ నల్గొండ, ఖమ్మం మీదుగా కృష్ణా మెట్టకు. డెల్టాకు ఆనకట్ట వచ్చిన 112 ఏళ్ల తర్వాతి మాట ఇది. ఆపైన కూడా కాలువ చివరి ఊళ్లు కావడంతో నీళ్ల కోసం ఎదురుచూపులు ఈ రైతుకు తప్పలేదు. అయినా వరి వచ్చింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇవ్వడంతో భూమి లేని ఇంట్లోనూ వరన్నం ఉడికింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. ఇక్కడి కంచంలో ఆయన తెచ్చిన మార్పు గుర్తున్నవాళ్లకు ఆ పేరు పరాయిగా అనిపించదు.

బియ్యం చవకైంది. జొన్న వెనక్కి తగ్గింది. జొన్నరొట్టె తట్టిన చేతులే వరిపిండి మీదికి మళ్లాయని నా నమ్మకం. పండక్కే పరిమితమైన పిండి రోజువారీ వంటింట్లోకి వచ్చినప్పుడు దాన్ని ఎలా పట్టాలో ఆ చేతులకు ముందే తెలుసు. జొన్న నేర్పిన విద్య అది. ఇప్పుడు కాలం ఇంకో మలుపు తిరిగింది. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్నంలో జొన్నరొట్టెకు గిరాకీ పెరిగింది, ధర కూడా. మంచిదే. ఆ రొట్టె పక్కన వరిపిండి రొట్టెకూ చోటుండాలి.

వేడి నీళ్ల మర్మం

గోధుమపిండిలో నీళ్లు పోసి పిసికితే అందులోని మాంసకృత్తులు ఒకదానితో ఒకటి అల్లుకుని సాగే వల కడతాయి. దాన్నే గ్లూటెన్ అంటారు. చపాతీ పలచగా సాగుతోందన్నా, మైదా నూడుల్ ఉడికినా తెగడం లేదన్నా ఆ వల వల్లే. వరిలో అది లేదు. జొన్నలో, సజ్జలో, రాగిలో కూడా లేదు. అందుకే వరిపిండిని ఎంతసేపు పిసికినా ప్రయోజనం ఉండదు. దానికి బలమంతా పిండిపదార్థంలోనే ఉంది. దాదాపు 60 నుంచి 80 డిగ్రీల మధ్య వేడి తగిలితే ఆ రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బి, జిగురు విడుస్తాయి. గంజి చిక్కబడేది ఇలాగే. పిండిలో ఓ భాగాన్ని ముందుగానే అలా ఉడికిస్తే ఆ జిగురే మిగతా పిండిని కట్టి ఉంచుతుంది. ఎసరు మసిలాక పిండి పోయాలనీ, పోశాక మూత పెట్టి కాసేపు వదిలేయాలనీ అత్తగారు కోడలికి చెప్పే మాట వెనక ఉన్న శాస్త్రం ఇంతే.

వరిపిండి రొట్టెకు గ్లాసు పిండికి గ్లాసు నీళ్లు. నీళ్లలో ఉప్పు, జీలకర్ర, చెంచా నూనె. తెర్లుతున్నప్పుడు మంట తగ్గించి పిండి పోసి, తెడ్డు కాడతో గబగబా కలిపి, మూత పెట్టి దించాలి. చెయ్యి పట్టగలిగినంత వేడి ఉండగానే తడి చేత్తో మర్దించాలి. బాగా చల్లారనిస్తే పగుళ్లు వస్తాయి. ముద్దలు చేసి, తడిబట్ట మీదో నూనె రాసిన అరిటాకు మీదో తట్టి పెనం మీద వేసి, పైన తడిచెయ్యి అద్దాలి. తడి ఆరాక తిరగెయ్యాలి. జొన్నరొట్టెకు చేసేదీ ఇదే. నానబెట్టిన పెసరపప్పు గుప్పెడు వేస్తే రుచి మారుతుంది. పక్కన ముద్దపప్పు, ఆవకాయ ఉంటే చాలు. గోంగూర పచ్చడి అయితే ఇంకా మేలు. నాటుకోడి పులుసు ఉన్న రోజున రొట్టెలు ఎన్ని చేసినా చాలవు.

దీనికో బలహీనత ఉంది. చల్లారితే బిగుసుకుపోతుంది. ఉడికినప్పుడు విడివడ్డ పిండిపదార్థం చల్లబడేకొద్దీ మళ్లీ దగ్గరికి చేరి గట్టిపడుతుంది. హోటలువాళ్లు వరిపిండి రొట్టె జోలికి రాకపోవడానికి ఇదో కారణమని నేననుకుంటాను. పరోటాలా ముందే కాల్చి పేర్చి పెడితే కుదరదు. అడిగినప్పుడు కాల్చి వేడిగా పెట్టాలి. కొడగు వాళ్లు దీనికో ఉపాయం కనిపెట్టారు. మెత్తగా ఉడికిన అన్నాన్ని బియ్యప్పిండిలో పిసికి అక్కి ఒట్టి చేస్తారు. అన్నంలోని తడి, జిగురు కలిసి రొట్టె మెత్తగా నిలుస్తుంది. రాత్రి మిగిలిన అన్నం పారేసే ఇళ్లలో తప్పక ప్రయత్నించవలసిన పద్ధతి. మలబారు మాప్పిళ్ల ముస్లింల పత్తిరికి కూడా మూలం మసిలే నీళ్లే. వాళ్లు దాన్ని కాగితమంత పలచగా ఒత్తి, నూనె చుక్క లేకుండా కాలుస్తారు.

తపేలా అడుగున

నన్నడిగితే మెట్ట వంటింటి వరిపిండి వంటల్లో పెద్దపీట తపాలా చెక్కది. పెనం అక్కర్లేని రొట్టె ఇది. తపేలా అడుగునే పిండి అద్ది కాలుస్తారు. జగ్గయ్యపేట దాటి కోదాడ, సూర్యాపేట వైపు వెళ్తే ఇదే సర్వపిండి. వెడల్పాటి గిన్నెను వాళ్లు సర్వ అంటారు. ఈ వంటకు ఆంధ్ర, తెలంగాణ ఎల్లలు పట్టవు. కోదాడ పక్కనున్న మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా కృష్ణా జిల్లాలో భాగంగానే ఉండేది. 1959లో గానీ నల్గొండలో కలవలేదు. పిల్లనిచ్చినవాళ్లూ తెచ్చుకున్నవాళ్లూ అటూ ఇటూ ఉన్న నేల ఇది. వంట కూడా కోడళ్లతో పాటే రాకపోకలు సాగించింది.

పిండి కలపడంలోనే సగం రుచి ఉంది. రెండు గ్లాసుల వరిపిండికి గుప్పెడు శనగపప్పు కనీసం గంట నానాలి. నువ్వులు రెండు చెంచాలు, జీలకర్ర, దంచిన వెల్లుల్లి, పచ్చిమిర్చి ముద్ద, సన్నగా తరిగిన ఉల్లిపాయ, చేత్తో తుంచిన కరివేపాకు, కొత్తిమీర. వేయించి పలుకులుగా దంచిన వేరుశనగలు కొందరు వేస్తారు. మిరప పండే నేల కాబట్టి కారం విషయంలో ఇక్కడ మొహమాటం ఉండదు. ఉల్లిపాయను ఉప్పుతో నలిపి పిండిలో వేయాలి. ఉల్లి నీళ్లు వదులుతుంది కాబట్టి వేడినీళ్లు తగ్గించి, కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. ముద్ద రొట్టెపిండి కంటే కాస్త పలచగా, తట్టితే చేతికి అంటుకోనట్టుగా ఉండాలి.

తపేలా లోపల అడుగునా, పక్కలకూ నూనె రాయాలి. నారింజకాయంత ముద్ద పెట్టి, వేళ్లతో అడుగంతా పరిచి, అంచులు కాస్త పైకి ఎక్కించాలి. మందం అంతటా ఒకేలా ఉండాలి. తర్వాత వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో రెండు మూడు చుక్కల నూనె వదలాలి. చిల్లు ఊరికే అందానికి కాదు. అడుగున పుట్టే ఆవిరి దాంట్లోంచే బయటికి వస్తుంది, నూనె దాంట్లోంచే అడుగుకు దిగుతుంది. చిల్లులు లేని చెక్క అడుగున మాడి, లోపల పచ్చిగా మిగులుతుంది. మూత పెట్టి సన్నమంట మీద ఉంచితే పది పన్నెండు నిమిషాలకు శనగపప్పు వేగిన వాసన వస్తుంది. ఇంట్లో ఏ మూల ఉన్నవాళ్లయినా వంటింటివైపు వచ్చేది ఆ వాసనకే. చెక్క అడుగు విడిచిందో లేదో అట్లకాడతో అంచు కదిపి చూస్తే తెలుస్తుంది. దీన్ని తిరగెయ్యరు. కింద కరకర, పైన మెత్తన, ఈ రెండూ కలిసి పంటి కిందికి రావాలి.

రెండో చెక్క వేసే ముందు తపేలా చల్లారాలి. వేడి గిన్నెలో పిండి పరచలేం, చెయ్యి కాలుతుంది, పిండి అంటుకుపోతుంది. అందుకే బోర్లించి అడుగున నీళ్లు కుమ్మరిస్తారు. లేదంటే రెండు తపేలాలు పెట్టుకుని ఒకటి పొయ్యి మీద ఉండగా ఇంకోటి చల్లారుస్తారు. ఇప్పుడు నాన్‌స్టిక్ పెనాల మీద ప్లాస్టిక్ కవరుతో తట్టి వేస్తున్నారు. పని తేలికే. నాకు మాత్రం మందపాటి అడుగున్న ఇత్తడి, కంచు గిన్నెల్లో, లేకపోతే పాత అల్యూమినియం తపేలాలో కాలిన చెక్కకే ఓటు. అంచుల దగ్గర గోడకు ఎక్కిన పిండి అప్పడంలా వేగుతుంది, అది పెనం మీద రాదు. పిల్లలు పోట్లాడుకునేది ఆ అంచు కోసమే.

పొలం పనులకు వెళ్లేవాళ్లకు కూడా ఇది పనికొచ్చే తిండి. పప్పు, నువ్వులు, నూనె ఉన్నాయి కాబట్టి కడుపు నిలుస్తుంది. కూర అక్కర్లేదు. గడ్డపెరుగు ఉంటే సరి. దిబ్బరొట్టెకు మినపపప్పు రుబ్బాలి, అట్లకు పిండి పులియాలి. తపాలా చెక్కకు శనగపప్పు నానే గంట చాలు. అనుకున్న పూటే తినొచ్చు.

తీగకు మూడు దారులు

ఇడియప్పం తమిళులదీ మలయాళీలదీ అనుకుని, మనకు బియ్యపు నూడుల్ లేదని కొందరంటారు. వినాయక చవితి నాడు పీట ముందు కూర్చుని అరచేతుల మధ్య సన్నటి తాలికలు పాకించేది ఏమిటి మరి?

పాలతాలికలకు పిండిని రొట్టెకు ఉడికించినట్టే ఉడికిస్తారు. నీళ్లలో చిటికెడు ఉప్పు, చెంచా నెయ్యి, చిన్న బెల్లంముక్క. ముద్ద వేడి మీదే మర్దించి తడిబట్ట కప్పాలి. కొద్దికొద్దిగా తీసి పీట మీద పొడవుగా పాకించాలి. చేతిపని ఓపిక లేనివాళ్లు చక్రాల గొట్టంలో సన్నచిల్లుల బిళ్ల వేసి ఒత్తుతారు. లీటరు పాలల్లో నానిన సగ్గుబియ్యం ఉడికాక, పాలు మసులుతున్నప్పుడే తాలికలు వెయ్యాలి. అన్నీ ఒక్కసారే వేస్తే ముద్దకడతాయి. వేసిన వెంటనే గరిటె పెడితే విరుగుతాయి. రెండు మూడు నిమిషాలు వదిలేస్తే పైపొర ఉడికి గట్టిపడుతుంది, ఆ తర్వాత మెల్లగా కదపొచ్చు. చెంచా పిండి నీళ్లలో కలిపి పోస్తే పాలు చిక్కబడతాయి. బెల్లం విడిగా కరిగించి వడకట్టి, గిన్నె దించి కాస్త చల్లారాకే కలపాలి. బెల్లంలోని పులుపు గుణానికి మసిలే పాలు విరుగుతాయి. చివర్న ఏలకుల పొడి, నేతిలో వేగిన కొబ్బరిముక్కలు.

అదే పిండి, అదే గొట్టం. తీగను పాలల్లోకి వదిలితే తాలిక. నాలుగు పాళ్ల వరిపిండికి ఒక పాలు మినపపిండో శనగపిండో కలిపి, వాము, నువ్వులు, వెన్న చేర్చి నూనెలోకి వదిలితే చక్రం. ఇడ్లీ పళ్లెంలో ఒత్తి ఆవిరికి పెడితే ఇడియప్పం. కొడగులో నూపుట్టు, శ్రీలంకలో ఇంగ్లీషువాళ్లు స్ట్రింగ్ హాపర్స్ అన్నదీ ఇదే. మన మెట్టవాళ్లు పాలకూ నూనెకూ ఇచ్చిన చోటు ఆవిరికి ఇవ్వలేదు. అందుకే మన తీగ పాయసంలోనో, సంక్రాంతి డబ్బాలోనో మిగిలిపోయింది. పొద్దున టిఫిన్‌లోకి రాలేదు.

రావడానికి అడ్డేమీ లేదు. ఇడ్లీ పాత్ర ప్రతి ఇంట్లో ఉంది. గొట్టం ప్రతి ఇంట్లో ఉంది. పిండిని రంగు మారకుండా సన్నసెగ మీద కాసేపు వేయించి, మసిలే నీళ్లతో కలిపి, నూనె రాసిన ఇడ్లీ గుంటల్లో చుట్లుగా ఒత్తి ఏడెనిమిది నిమిషాలు ఉడికిస్తే అయిపోయింది. ముద్ద గట్టిగా ఉంటే గొట్టం తిప్పలేం, పలచగా ఉంటే తీగలు అతుక్కుంటాయి. దాన్ని కొబ్బరిపాలతోనే తినాలని నియమం ఏముంది? పొడిగా విడదీసి నిమ్మకాయ పులిహోర తాలింపు పెట్టొచ్చు. కందిపొడి, నెయ్యి చల్లుకోవచ్చు. నాటుకోడి పులుసులో ముంచుకోవచ్చు. మైదా నూడుల్స్ కోసం మారాం చేసే పిల్లల ముందు ఓసారి పెట్టి చూడండి.

మర దగ్గర

ఏ వంటకైనా మొదటి పని పిండిది. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి. బజార్లో పొట్లం కొంటే వచ్చేది పొడిపిండి. పొడి బియ్యాన్ని మరలో వేస్తే రాపిడికి వేడి పుడుతుంది, పిండిపదార్థపు రేణువులు దెబ్బతింటాయి, పిండి గరుకుగా వస్తుంది. బియ్యం కడిగి నానబెట్టి, వడేసి, నీడలో బట్ట మీద ఆరబోసి, చేతికి తడి తగులుతూ ఉండగానే పట్టిస్తే వచ్చేది తడిపిండి. నానిన గింజ మెత్తబడి సులువుగా నలుగుతుంది. రేణువులు దెబ్బతినడం తక్కువ, పిండి సన్నం. అరిసెలకు తడిపిండే వాడాలని అందరికీ తెలుసు. తాలికలకు, ఇడియప్పానికి కూడా అదే మేలని చాలామంది మరిచారు. తడిపిండికి ఎసట్లో నీళ్లు తగ్గించాలి, నిలవ ఉంచాలంటే ఎండబెట్టాలి. లేకపోతే పులిసిపోతుంది.

రోలూ రోకలీ ఉన్న రోజుల్లో ఈ దంపుడు పనిలో వీధి వీధంతా పాలుపంచుకునేది. దంచేవాళ్లు ఇద్దరు, జల్లెడ పట్టేవాళ్లు ఒకరు. ఆ చాకిరీ మళ్లీ రావాలని నేను కోరుకోను. ఆడవాళ్ల భుజాలు పడిపోయేంత పని అది. పిండిమర రావడం వల్ల మేలే జరిగింది. కానీ ఆ మరలు కూడా ఇప్పుడు పండగ ముందు తప్ప తడిబియ్యం పట్టడానికి ఇష్టపడటం లేదు. తడిపిండి రాళ్లకు అంటుకుంటుంది, తర్వాత కారమో పసుపో పట్టాలంటే మర కడగాలి. నలుగురు కలిసి ఒకే రోజున బియ్యం తీసుకెళ్తే మరవాళ్లు కాదనరు. అదీ కుదరకపోతే కిలో బియ్యానికి ఇంట్లో మిక్సీ చాలు. రెండు మూడు విడతలుగా వేసి సన్నజల్లెడ పడితే పిండి బాగానే వస్తుంది.

ఏ బియ్యం? బాపట్ల పరిశోధన స్థానం 1986లో విడుదల చేసిన బీపీటీ 5204, మనం సాంబమసూరి అనేది, అన్నానికి ఇష్టమైన బియ్యం. దాన్ని పిండి కొట్టించడానికి చాలామందికి మనసొప్పదు. పిండికి ముతక బియ్యమో రేషన్ బియ్యమో వాడతారు. తప్పేం లేదు. తీగ నిలవాలంటే చూడాల్సింది గింజ సన్నమా లావా అని కాదు, అందులో అమైలోజ్ ఎంతుందన్నది. అది ఎక్కువుంటే అన్నం పొడిపొడిగా వస్తుంది, తీగ గట్టిగా నిలుస్తుంది. తక్కువుంటే అన్నం ముద్దగా, తీగ జిగటగా ఉంటుంది. మీ ఇంట్లో పొడిగా ఉడికే బియ్యమే తాలికలకు మంచిది.

రేషన్ బియ్యం గురించి మరోమాట. 2021 తర్వాత అందులో బలవర్ధక గింజలు కలపడం మొదలైంది, వంద గింజలకు ఒకటి చొప్పున. నీళ్లలో తేలుతున్నాయని, ప్లాస్టిక్ బియ్యమని పల్లెల్లో భయపడ్డవాళ్లున్నారు. నిజానికి ఆ గింజ కూడా వరిపిండే. పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 విటమిన్ కలిపి, తడిపి, యంత్రంలో గింజ ఆకారానికి ఒత్తి ఆరబెడతారు. చక్రాల గొట్టంతో మన ఇంట్లో చేసేదే ఫ్యాక్టరీలో వేడి, ఒత్తిడి పెంచి చేస్తారు. కనిపిస్తే భయపడి ఏరి పారేయకండి. నానబెట్టేటప్పుడు నీళ్లతో పాటు కొట్టుకుపోకుండా చూసుకోండి.

ఊరు దాటిన పిండి

నందిగామ, జగ్గయ్యపేట ఊళ్ల పిల్లలు ఇప్పుడు డాలస్‌లో ఉన్నారు, న్యూజెర్సీలో ఉన్నారు, మెల్‌బోర్న్‌లో ఉన్నారు. పెట్టెల్లో చక్రాలు, చెక్కలు, అరిసెలు వెళ్తూనే ఉన్నాయి. తపాలా చెక్కను పెట్టెలో పంపలేం, అక్కడే చేసుకోవాలి. అలాంటివాళ్లకు ఓ మాట. ఆసియా దుకాణాల్లో దొరికే థాయ్ బియ్యప్పిండి చాలావరకు నీళ్లతో రుబ్బి ఆరబెట్టిన సన్నపిండి, తాలికలకు చక్కగా కుదురుతుంది. పక్కనే అదే రకం పొట్లంలో జిగురుబియ్యం పిండి కూడా ఉంటుంది. అది తీసుకుంటే చెక్క కాస్తా జిగటముద్ద అవుతుంది. ఆ బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు. గోధుమ పడని పిల్లలున్న ఇళ్లలో, గ్లూటెన్ మానాల్సినవాళ్లున్న ఇళ్లలో ఈ రొట్టెల విలువ మరీ పెద్దది. ఖరీదైన ప్రత్యేక బ్రెడ్ల కోసం వెతికే బదులు అమ్మమ్మకు ఫోన్ చేస్తే చాలు.

ఇక ఇక్కడున్నవాళ్లకు. మాఘమాసంలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు లక్షలాది జనం వస్తారు. వేదాద్రి నరసింహస్వామి దగ్గరికీ, జగ్గయ్యపేట పక్కన తిరుమలగిరికీ ఏడాది పొడవునా భక్తులు వస్తూనే ఉంటారు. వాళ్లకు వేడివేడి తపాలా చెక్క కాల్చిపెట్టే కొట్టు ఒక్కటైనా ఉండాలి. పెట్టుబడి నాలుగు తపేలాలు, ఓ పొయ్యి. డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లు తలచుకుంటే రేపే మొదలెట్టగల పని ఇది. రహదారి మీద హోటలు నడిపేవాళ్లకు కూడా ఇదే నా విన్నపం. పరోటా పక్కన వరిపిండి రొట్టె అని ఒక్క గీత చేర్చండి. అడిగాక పది నిమిషాలు పడుతుందని కింద రాయండి. ఈ నేలవాళ్లు ఆగుతారు.

మీరు శనివారం రాత్రి కిలో బియ్యం కడిగి నానబెట్టండి. పొద్దున వడేసి, ఆరబోసి, పిండి పట్టించండి. శనగపప్పు ఓ గుప్పెడు నానెయ్యండి. ఎసరు మసిలేసరికి అమ్మాయినీ అబ్బాయినీ ఇద్దరినీ పొయ్యి దగ్గరికి పిలవండి. చిల్లులు పెట్టే పని వాళ్లకివ్వండి.